ఇస్పేటు ఆసు మీద 'మోటర్‌హెడ్' వేసిన పందెం

బ్రిటిష్ రాక్ బ్యాండ్ మోటర్‌హెడ్ పాట 'ఏస్ ఆఫ్ స్పేడ్స్' (ఇస్పేటు ఆసు) 1980 అక్టోబరులో సింగిల్‌గా వచ్చింది, బ్రిటన్ చార్టులో 15వ స్థానం దాకా ఎక్కింది. గెలిచినా ఓడినా ఒకటే, ఆడటంలోనే మజా ఉందని తెగేసి చెప్పే జూదరి పాట ఇది. మూడు నిమిషాలు కూడా లేదు.

మాటలు రాసిన లెమీకి (బ్యాండ్ గాయకుడు, బేస్ గిటారిస్టు) అసలు పిచ్చి స్లాట్ మెషీన్ల మీద. గిరగిరా తిరిగే పండ్ల బొమ్మల మీద పాటేం కడతామని పేకముక్కలనీ పాచికలనీ పట్టుకున్నాడు. ఎంత మంచి పని చేశాడో! 1876లో అమెరికాలోని డెడ్‌వుడ్‌లో పేకాడుతున్న తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ని వెనక నుంచి కాల్చినప్పుడు ఆయన చేతిలో ఆసులూ ఎనిమిదులూ ఉన్నాయని ఒక ఐతిహ్యం. 'చచ్చినవాడి చెయ్యి' అని పేరుపడ్డ ఆ ముక్కలే పాటలో జూదరికి మళ్లీ పడతాయి. ఇది తెలిసి వింటే, వాడు నవ్వుతూ లాగే ప్రతి ముక్కలోనూ చావు కనిపిస్తుంది.

తెంపరితనం మాటల్లో ఎంతున్నా, రికార్డింగులో పట్టు ఎక్కడా సడలదు. ఆ ఘనత నిర్మాత విక్ మెయిల్‌ది. రిక్‌మన్స్‌వర్త్‌లోని జాక్సన్స్ స్టూడియోలో బ్యాండులోని ముగ్గురి మోతనీ విడివిడిగా వినబడేలా పట్టుకున్నాడు. పాట మధ్యలో వాయిద్యాలు ఆగి ఆగి పడే చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, టకటకమని ఒక చప్పుడు. అది చెక్కదిమ్మలది, ఆలోచన మెయిల్‌దే. ఫిల్ టేలర్ డ్రమ్స్ మళ్లీ దూకే ముందు ఊపిరి బిగబట్టించేది ఆ చిన్న చప్పుడే.

వాయించబోయేవాళ్లు ముందు తీగలన్నీ అర స్వరం దించుకోవాలి. మొదట్లో గర్జించేది గిటారు అనుకుంటారు చాలామంది, అది లెమీ రికెన్‌బ్యాకర్ బేస్. మార్షల్ ఆంప్‌లో (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) అడుగు స్వరాల బేస్, పై స్వరాల ట్రెబుల్ సున్నా, మధ్య స్వరాల మిడ్ పూర్తిగా పైకి: ఆయన పద్ధతి ఇది. బేస్ గిటారే కదా అని అడుగు స్వరాలు పెంచి, పైన డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) దట్టిస్తే అంతా ముద్దయిపోతుంది, ఎడ్డీ క్లార్క్ గిటారుకి చోటే మిగలదు. వేళ్లతో మీటినా ఆ కోత రాదు. పిక్ పట్టుకుని, గిటారులా రెండేసి తీగలు కలిపి కొట్టాలి.

ఏది వినాలంటే, 1980 స్టూడియో రికార్డింగే. ఆన్‌లైన్‌లో 2008లో మళ్లీ చేసిన వెర్షన్ కూడా ఇదే పేరుతో తిరుగుతోంది, కాబట్టి సంవత్సరం చూసుకోండి. ఆ తర్వాత 1981 లైవ్ ఆల్బమ్ 'నో స్లీప్ టిల్ హ్యామర్‌స్మిత్' పెట్టండి, మొదటి పాట ఇదే. అందులో ఊపు ఎక్కువ, స్పష్టత కొంచెం తక్కువ. చెక్కదిమ్మల చప్పుడు మాత్రం స్టూడియో రికార్డింగులోనే.