బ్రాడీపేట కౌన్సెలింగ్ సెంటర్: మేడమ్‌కి ఐదు స్టార్లు, రిసెప్షన్‌కి ఒక్కటి

మా ఆయనది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. పోయిన సీజన్‌లో దెబ్బతిన్నాక నిద్ర పోయింది, మాట పోయింది, రాత్రి రెండింటికి లేచి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చునేవారు. అడిగితే "ఏం లేదు, పడుకో" అంతే. అత్తయ్యేమో "మగాడన్నాక సవాలక్ష టెన్షన్లుంటాయి, నువ్వే సర్దుకుపోవాలమ్మా" అంటారు. చివరికి షుగర్ టెస్టుకని అబద్ధం చెప్పి బండెక్కించి గుంటూరు బ్రాడీపేటలో ఈ సెంటర్‌కి తీసుకెళ్లాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆరింటికి రమ్మని ఏడుంబావుకి పిలిచారు. రిసెప్షన్ అబ్బాయి పదిమందిలో "నిద్ర పట్టట్లేదన్నది మీకేనా సార్?" అని కేకేశాడు. ఈయన విసురుగా లేచి మెట్ల దాకా వెళ్లిపోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను.

లోపల మాత్రం వేరే సంగతి. కౌన్సెలింగ్ చేసే మేడమ్ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో, సమోవా, టోంగా అనే పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలతో కొన్నేళ్లు పనిచేసి వచ్చారట. ప్రశ్నల చిట్టా ఏం తీయలేదు, తెల్లకాగితం మీద ఒక ఇల్లు గీశారు. దాన్ని ఫోనోఫాలే అంటారట, సమోవా మూలాలున్న పులోటు ఎండెమాన్ అనే ఆయన న్యూజిలాండ్‌లోని పసిఫిక్ దీవులవాళ్ల ఆరోగ్యం కోసం తయారుచేసిన పద్ధతి. పునాది కుటుంబం, పైకప్పు సంస్కృతి, మధ్యలో నాలుగు స్తంభాలు. ఒళ్లు, మనసు, ఆత్మ, నాలుగోది మిగతావన్నీ, అంటే ఆడా మగా, వయసు, డబ్బూ హోదా లాంటివి. నాకైతే నవ్వొచ్చింది, గుంటూరు మిర్చికీ సమోవాకీ ఏం సంబంధమని. వాళ్ల పాతకాలం ఇళ్లకు గోడలే ఉండవని ఆవిడ అంటే మా ఆయన ఠక్కున "అయితే ఇరుగుపొరుగుకి అన్నీ తెలిసిపోతాయిగా" అన్నారు. మూడు నెలల్లో ఆయన నోట్లోంచి వచ్చిన పెద్ద మాట అదే!

ఇక అక్కణ్ణుంచి సాగింది. ఇంటి ఖర్చు, చర్చికిచ్చేది, దీవుల్లో చుట్టాలకు పంపేది అన్నీ నెత్తినేసుకుని నోరు విప్పని మగవాళ్లని అక్కడా చాలామందిని చూశారట ఆవిడ. కలిసి కూర్చుని కబుర్లలోంచే మెల్లగా అసలు విషయానికి రావడాన్ని వాళ్లు తలనోవా అంటారట. సమోవాలో మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ల తీరులో బతికే ఫాఫఫీనేల గురించి, చాలా ఇళ్లలో ముసలి తల్లిదండ్రులను చూసుకునేది వాళ్లేనని చెబితే ఈయన నోరెళ్లబెట్టారు. తర్వాత మేడమ్ ఈయన్ని "మరి మీ ఇంట్లో డబ్బు బరువు మీరొక్కరే మోస్తున్నారా?" అని అడిగారు. నేను ట్యూషన్లు చెప్పి తెచ్చేది ఆయన లెక్కల పుస్తకంలో ఎక్కడా లేదని ఇద్దరికీ అప్పుడే తట్టింది. నా వైపు తిరిగి "మీరెవరికి చెప్పుకుంటారమ్మా?" అన్నారు. నన్ను అలా అడిగినవాళ్లు లేరు, ఏం చెప్పాలో తెలియక పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ కూర్చున్నా.

యాభై నిమిషాలకి 800. నాలుగుసార్లు వెళ్లాం. ఆవిడ మందులు రాయరు, నిద్రకోసం సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు, ఇప్పుడు కాస్త నయం, అద్భుతాలేం జరగలేదు. ఫీజు కుదరనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ గురువారం నేను మర్చిపోయినా ఆయనే బండి తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, "షుగర్ టెస్టుకి టైమవుతోంది" అంటూ.