పవర్ విండోల రిపేరుకు మల్టీమీటరా, పాత హెడ్‌లైట్ బల్బా? ఏళ్ల తరబడి రెండూ వాడాక నా మాట

కారు అద్దం ఎక్కడం మానేసిందంటే ముందు అనుమానం మోటారు మీదే. డోర్ ప్యాడ్ ఊడదీస్తారు, మోటారు కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) పీకి అందులో మీటరు పెడతారు, 12 వోల్టుల పైనే చూపిస్తుంది. "కరెంటు బాగానే వస్తా ఉందన్నా, మోటారే పోయింది" అని తేల్చేస్తారు. కొత్త మోటారు వేశాక కూడా అద్దం మునుపటిలాగే ఈడ్చుకుంటూ ఎక్కితే అప్పుడు స్విచ్ మారుస్తారు. అదీ కాకపోతే వైరింగ్ అంటారు. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ బేరం పోయినట్టే.

నేను తిరుపతిలో బాడుగ కారు నడుపుతాను. ఇంటికి ఇంకో పాత కారుంది. రెండింటికీ నాలుగు తలుపులకూ పవర్ విండోలే. వాటి కరెంటు పని కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. అందుకు వాడేవి ఐదు వందల లోపు కొన్న డిజిటల్ మల్టీమీటరు, పాత హెడ్‌లైట్ బల్బుతో కట్టుకున్న టెస్ట్ ల్యాంప్, ఈమధ్య తోడైన డీసీ క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు కొలిచేది). ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. అద్దం దగ్గర ముందు బల్బు పట్టాలి, తర్వాతే మీటరు పట్టాలి.

మా ఊళ్ళో బాడుగ బండి అద్దాలకు పని ఎక్కువ. అలిపిరి తనిఖీ దగ్గర అద్దాలు దించాలి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పినవాళ్ళు గాలి కోసం దించుతారు, పైకి వెళ్ళగానే చలి అని ఎత్తుతారు. వెనక సీటులో పిలకాయలుంటే స్విచ్ మీద నుంచి వేలు తియ్యరు. దానికి తోడు ఎండాకాలం దుమ్ము, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. స్విచ్ లోపలి కాంటాక్టులు కాలిపోవడానికీ, కప్లర్లలో రాగి పచ్చబడడానికీ ఇది చాలు.

మీటరుతో చిక్కు ఏమిటో ముందు చెప్తాను. వోల్టులు కొలిచేటప్పుడు మీటరు తన గుండా కరెంటును దాదాపు పోనివ్వదు. చవక రకంలో కూడా లోపలి నిరోధం పది లక్షల ఓమ్‌ల వరకూ ఉంటుంది. అందుకే వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా, కాంటాక్టు సగం కాలిపోయినా, తెరమీద 12 వోల్టులు నిండుగా కనిపిస్తాయి. అద్దం మోటారుకు మాత్రం మామూలుగా తిరిగేటప్పుడే నాలుగైదు ఆంపియర్లు కావాలి, అద్దం ఇరుక్కుంటే అంతకు రెండు మూడింతలు. చాలా కార్లలో ఈ లైనుకు 20 నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టేది అందుకే. సగం పూడుకుపోయిన పైపులో కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ బాగానే ఉంటుంది, తిప్పితేనే ధార సన్నమైందని తెలుస్తుంది. అద్దం వైరింగ్‌లోనూ కరెంటు పారితేనే జబ్బు బయటపడుతుంది.

ఆ కరెంటును పారించేదే బల్బు. నాది హెచ్4 రకం హెడ్‌లైట్ బల్బు, 60/55 వాట్లది. దీంట్లో రెండు ఫిలమెంట్లుంటాయి. ఒకటి పోయిందని పారేసిన బల్బులో ఇంకోటి బాగానే ఉంటుంది, ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఊరికే దొరుకుతుంది. దానికి రెండు మందపాటి వైర్లు కలిపి, చివర క్రొకొడైల్ క్లిప్పులు పెట్టాను. 12 వోల్టుల మీద ఇది ఐదు ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే ఇంచుమించు అద్దం మోటారుతో సమానం. షాపుల్లో స్క్రూడ్రైవర్‌లాగా అమ్మే టెస్టర్‌లో బల్బు చాలా చిన్నది, ఎల్ఈడీ రకమైతే ఇంకా అన్యాయం, తెగిపోబోయే వైరు మీద కూడా జోరుగా వెలుగుతుంది. కరెంటు ఉందా లేదా అని చూడడానికి తప్ప అవి ఈ పనికి చాలవు. హెడ్‌లైట్ బల్బుతో ఒక జాగ్రత్త ఉంది. క్షణాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. డోర్ ప్యాడ్ మీదా సీటు మీదా పెట్టకూడదు. నేను కింద చిన్న రేకు ముక్క పెట్టి, స్విచ్ కొద్ది సెకన్లే నొక్కుతాను.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది బాడుగ కారు ఎడమవైపు వెనక అద్దం దగ్గర. దిగడం జోరుగా దిగేది. ఎక్కేటప్పుడు మాత్రం సగంలో నిలబడిపోయేది, చేత్తో పైకి సాయం పడితే ఎక్కేది. ఎక్కేటప్పుడు అద్దం బరువు ఉంటుంది కాబట్టి మోటారులో సత్తువ పోయిందనే అందరూ అనుకుంటారు. చూసినవాళ్ళూ అదే అన్నారు. మోటారు కప్లర్ పీకి ఆ రెండు పిన్నులకు బల్బు తగిలించాను. దించే వైపు నొక్కితే తెల్లగా వెలిగింది. ఎత్తే వైపు నొక్కితే పసుపు రంగులో నీరసంగా వెలిగింది. బల్బు మొయ్యడానికి బరువేమీ లేదు కదా, రెండు వైపులా ఒకేలా వెలగాలి. మోటారు అసలు లైనులోనే లేదు. దాంతో మోటారు మీద నేరం ఆ క్షణమే కొట్టేశాను.

ఇక్కడి నుంచి పని మీటరుది. మోటారు కప్లర్ మళ్ళీ తగిలించి, వైరు తొడుగుకు బొక్క పెట్టకుండా, కప్లర్ వెనక నుంచి గుండుసూదులు పిన్నుకు ఆనేదాకా దూర్చాను. తొడుగుకు బొక్క పెడితే వానాకాలంలో అక్కడి నుంచే తేమ దిగి రాగి పచ్చబడుతుంది, ఉన్న జబ్బుకు కొత్తది తోడవుతుంది. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, మా అబ్బాయిని స్విచ్ నొక్కమన్నాను. అద్దం ఈడుస్తూ ఎక్కుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, మోటారు రెండు పిన్నుల మధ్య 8.4. మరి తక్కిన 3.9 వోల్టులు దారిలో ఎక్కడో ఖర్చవుతున్నాయి. ఎక్కడన్నది కనిపెట్టడానికి నా దగ్గర ఐదు మీటర్ల పొడవు వైరు ఒకటి ఉంది, దాని రెండు చివర్లా క్లిప్పులు. మీటరు ఒక ముల్లును బ్యాటరీ దాకా అందించేది అదే. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్ పిన్ను వరకూ కొలిస్తే 0.5 వోల్టు పోతోంది. అది ఫర్వాలేదు. బ్యాటరీ మైనస్ నుంచి మోటారు మైనస్ పిన్ను వరకూ కొలిస్తే 3.4. దొంగ ఎర్త్ వైపే, అంటే బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారిలోనే ఉన్నాడు. అంత పొడవు వైరు వాడితే రీడింగ్ తప్పు రాదా అని ఒక తోటి డ్రైవర్ అడిగాడు. రాదు. మీటరు గుండా కరెంటు దాదాపు పారదు కాబట్టి ఆ వైరులో వోల్టులు ఖర్చు కావు.

ఇంకా వెనక్కి జరుగుతూ వెళ్ళాను. వెనక తలుపు స్విచ్ దాటాక 3.3. డ్రైవర్ తలుపు మీది మెయిన్ స్విచ్‌లోకి వచ్చే పిన్ను దగ్గర 3.2. అదే మెయిన్ స్విచ్ ఎర్త్ పిన్ను దగ్గర 0.1 మాత్రమే. ఆ రెండు పిన్నుల మధ్యే, స్విచ్ కడుపులోనే, మూడు వోల్టులు కాలిపోతున్నాయి.

వెనక తలుపు స్విచ్‌తో వెనక అద్దం ఎత్తుతుంటే డ్రైవర్ స్విచ్ ఎందుకు అడ్డొస్తుంది అన్న సందేహం చాలామందికి వస్తుంది. చాలా పాత మోడళ్ళలో అద్దం మోటారు రెండు వైర్లూ మామూలుగా ఎర్త్‌కే ఆనుకుని ఉంటాయి. ఎత్తే వైపు నొక్కితే ఒక వైరు ఎర్త్ వదిలి ప్లస్‌కు వెళ్తుంది, రెండోది ఎర్త్ మీదే ఉండిపోతుంది. దించే వైపు నొక్కితే తారుమారు. ప్రయాణికుల తలుపులకు ఆ ఎర్త్ దొరికేది మెయిన్ స్విచ్‌లోని కాంటాక్టు గుండానే. అక్కడ ఒక్క కాంటాక్టు కాలినా ఆ అద్దం ఒకవైపు మాత్రమే నీరసిస్తుంది. మోటారు, వెనక స్విచ్ రెండూ కొత్తవి వేసినా లాభం ఉండదు. ఈ సంగతి తెలియక డబ్బు పోగొట్టుకుంటున్న బాడుగ డ్రైవర్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మెయిన్ స్విచ్ విప్పితే ఆ కాంటాక్టు నల్లగా మాడి ఉంది. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. బల్బు రెండు వైపులా తెల్లగా వెలిగింది. వానాకాలం దాకా లాగింది. ఒకసారి పై పూత పోయిన కాంటాక్టు ఎక్కువ కాలం నిలవదు, కొత్త స్విచ్ వేశాక మళ్ళీ ఆ తలుపు ముట్టుకోలేదు.

రెండో రకం జబ్బు వైర్లది. కాణిపాకం దగ్గర కలిసిన చిత్తూరు డ్రైవర్ ఒకాయన, "తలుపు తీస్తే ఎక్కుతాదన్నా, మూస్తే ఎక్కదు" అన్నాడు. ఆ మాట వినగానే చూడాల్సింది తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు తొడుగు లోపల. తలుపు తీసినప్పుడల్లా వైర్లు అక్కడ వంగుతాయి, పైతొడుగు బాగానే ఉండి లోపలి రాగి తెగుతుంది. వైరు తెగిందో లేదో చెప్పే మీటరు బజర్ ఇక్కడ నమ్మదగింది కాదు, ఒక్క పోగు తగిలినా కూస్తుంది. బల్బు తగిలించి స్విచ్ నొక్కి ఉంచి, తలుపును మెల్లగా ఆడిస్తే వెలుతురు మిణుకుతుంది, అంతే, దొరికిపోయింది. అతుకు వేసేటప్పుడు వంగే చోట వెయ్యకూడదు. రెండు వైపులా కాస్త పొడవు మెత్తటి వైరు కలిపి, టంకం వేసి, వేడి చేస్తే బిగుసుకునే స్లీవ్ తొడగాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒక్క వానాకాలం కూడా ఆగదు. 2021 నవంబరులో తిరుపతి నీట మునిగినప్పుడు మా ఇంటి కారు తలుపుల దాకా తడిసింది. ఆ తర్వాత కప్లర్లలో పట్టిన పచ్చటి తుప్పు కూడా బజర్‌కు దొరకలేదు, బల్బుకే దొరికింది.

అసలు జబ్బే కానిదీ ఒకటి ఉంది. ఎండాకాలంలో పిలకాయలు అద్దంతో వరసపెట్టి ఆడితే మోటారు వేడెక్కి లోపలి రక్షణ దానంతట అదే కరెంటు ఆపేస్తుంది. మోటారు తగిలించి ఉండగానే పిన్నుల మధ్య 12 వోల్టులు ఉంటాయి, మోటారు తిరగదు. కొద్ది నిమిషాలు వదిలేస్తే చల్లారి మామూలుగా పనిచేస్తుంది. చల్లారాక కూడా తిరగకపోయి, మోటారు మీద చిన్నగా తడితే కదిలిందంటే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. మోటారును నిందించాల్సింది అప్పుడు.

ఇక మీటరు సంగతి. ఐదు వందల లోపు వస్తువుకు ఇంత మన్నిక వస్తుందని నేను అనుకోలేదు. ముందుగా పోయింది వైర్లే, ముల్లు దగ్గర లోపల తెగాయి. మెత్తటి సిలికాన్ వైర్లు విడిగా కొని వేశాను. ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే తెర నల్లబడుతుంది, నీడకు తెస్తే మళ్ళీ మామూలవుతుంది. అసలు జాగ్రత్త లోపలి 9 వోల్టుల బ్యాటరీ గురించి. అది నీరసిస్తే మీటరు వోల్టులు ఎక్కువ చేసి చూపిస్తుంది. నిలిపి ఉన్న కారు బ్యాటరీ దగ్గర 12.6 చుట్టుపక్కల ఉండాల్సింది 13 దాటితే ముందు మీటరు బ్యాటరీ మార్చండి. ఇంకొకటి, 10 ఆంపియర్ల సాకెట్‌లో ఎర్ర వైరు పెట్టి అద్దం కరెంటు కొలవద్దు. చవక మీటర్లలో ఆ సాకెట్‌కు ఫ్యూజు ఉండదని దాని పక్కనే రాసి ఉంటుంది.

బల్బుకు ఒక హద్దు ఉంది. కొత్త కార్లలో స్విచ్ నుంచి మోటారుకు నేరుగా కరెంటు వెళ్ళదు. స్విచ్ కబురు మాత్రమే పంపుతుంది, మోటారును తిప్పేది కంప్యూటర్ మాడ్యూల్. ఆ సన్నటి వైర్ల మీద హెడ్‌లైట్ బల్బు పెడితే మాడ్యూలే పోవచ్చు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి బల్బూ మీటరూ ఏదీ వెళ్ళకూడదు. అలాంటి కార్లకు ఆ మాడ్యూల్‌ను చదివే స్కానర్ ఉన్న చోటికే వెళ్ళాలి. ఒక్కసారి నొక్కితే పూర్తిగా ఎక్కే అద్దాలు బ్యాటరీ విప్పి పెట్టాక ఆ పద్ధతి మర్చిపోవడం జబ్బు కాదు. చాలా మోడళ్ళలో అద్దం పూర్తిగా ఎత్తి కొద్ది సెకన్లు స్విచ్ అలాగే పట్టుకుంటే మళ్ళీ నేర్చుకుంటుంది.

చివరిగా కొన్నది డీసీ క్లాంప్ మీటరు. ఏసీ మాత్రమే కొలిచే క్లాంపులు చవక, కానీ కారుకు పనికిరావు, కొనేముందు డీసీ ఆంపియర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. వైరు తెంపకుండా చుట్టూ తగిలిస్తే చాలు. బల్బు తెల్లగా వెలుగుతూ, వోల్టులు ఎక్కడా పోకుండా, అద్దం మాత్రం నెమ్మదిగా ఎక్కుతుంటే ఇది పనికొస్తుంది. మా ఇంటి కారులో మూడు అద్దాలు నాలుగు ఆంపియర్ల చుట్టూ తీసుకుంటుంటే ముందు ఎడమది ఎనిమిది తీసుకుంది. జబ్బు కరెంటుది కాదు, అద్దం జారే రబ్బరు ఎండిపోయింది. తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాక ఐదుకు దిగింది. గ్రీజు మాత్రం పుయ్యకండి, దుమ్ము పట్టి నెల తిరక్కుండానే ఇంకా బిగుసుకుంటుంది. రెండు మూడు బళ్ళున్న వాళ్ళకు ఈ క్లాంపు కొనడం దండగ కాదు. ఒక్క కారుంటే బల్బు, మీటరు చాలు.