మెదడుకు పెట్ స్కాన్: పనికి పదికి తొమ్మిది, మాటకు మూడు

పరిశోధనకు వాలంటీర్లు కావాలంటే వెళ్లి, మెదడుకు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ చేయించుకున్నాను. ఎఫ్‌డీజీ అంటే గ్లూకోజులాంటి, కాస్త రేడియోధార్మికత ఉన్న మందు. అది ఎక్కడ ఎంత చేరిందో స్కాన్‌లో కనిపిస్తుంది. ఆరు గంటలు పస్తు. ముందు వేలు గుచ్చి షుగర్ చూశారు. ఎక్కువుంటే అటునుంచి అటే ఇంటికట.

రెండు చేతులకూ సూదులు పెట్టారు. ఒకదాంట్లోంచి మందు ఎక్కించడం, రెండోదాంట్లోంచి రక్తం తీయడం. ఆ రెండో చేతికి వేడి ప్యాడ్ చుట్టారు, సిరలోని రక్తం ధమని రక్తానికి దగ్గరగా ఉండాలని. ఎన్నిసార్లు తీశారో నాకు లెక్క తప్పింది. విసుగే కానీ అసలు కథంతా అక్కడే ఉంది. రక్తంలో మందెంతో కొలవకపోతే మెదడులో ఏ భాగం గ్లూకోజు ఎక్కువ వాడింది, ఏది తక్కువ అన్నదే తెలుస్తుంది. కొలిస్తే 100 గ్రాముల మెదడు నిమిషానికి ఎంత గ్లూకోజు వాడిందో అంకె వస్తుంది. ఈ ఎఫ్‌డీజీ గ్లూకోజు వేషంలో కణంలోకి దూరి, గ్లూకోజు ఖర్చయ్యే దారిలో మొదటి మెట్టు దాటాక కదల్లేక అక్కడే ఇరుక్కుంటుంది. 1977లో అమెరికా శాస్త్రవేత్త సొకొలోఫ్ బృందం ఎలుకల్లో చేసి చూపిన లెక్కే దీనికి పునాది.

మందు ఎక్కాక మసక గదిలో పడుకోబెట్టి ఫోను లాక్కున్నారు. ఫోను చూస్తే తల వెనకున్న చూపు భాగం గ్లూకోజు ఎక్కువ లాగేస్తుందట. ఇందులో మహా కచ్చితం వీళ్లు. నర్సు చెప్పులు కిర్రుమంటే టెక్నీషియన్ కళ్లతోనే కసిరాడు.

ప్యాడ్ కాలుతోందని రెండుసార్లు చెబితే గానీ వేడి తగ్గించలేదు. తల కదలకుండా పెట్టిన స్పాంజి చెవిని నొక్కేసింది. చివర్లో రంగురంగుల బొమ్మ చేతిలో పెట్టారు. ఎరుపంటే జబ్బా అని అడిగితే ‘డాక్టరుగారు చెబుతారండీ’ అన్నారు. ఆ డాక్టరుగారు అప్పటికే వెళ్లిపోయారు.