డబ్బు పెట్టి కొన్న సినిమాను వెనక్కి తీసుకున్నారు: ఆన్‌లైన్‌లో సినిమాలు కొనేవారికి హెచ్చరిక

ఆన్‌లైన్‌లో సినిమాను అద్దెకు కాకుండా పూర్తి ధర పెట్టి కొనుక్కునే నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల వారు డబ్బు చెల్లించే ముందే ఈ విషయం తెలుసుకోవాలి. నేను కొన్న రెండు పాత తెలుగు సినిమాలను ఒక ఓటీటీ యాప్ ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా నా ఖాతాలోంచి తొలగించింది. అడిగితే, మీకు ఇచ్చింది సినిమా కాదు, చూసే అనుమతి మాత్రమేనని జవాబు వచ్చింది. ఫిర్యాదు ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి యాప్ పేరు రాయడం లేదు. పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఇదే పద్ధతిలో అమ్మేవారు ఇంకా ఉన్నారు.

మా అమ్మ దేవరకొండ అవతల మా సొంత ఊరిలో ఉంటుంది. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక గదిలో ఉంటే మరో గదిలో ఉండదు. అందుకే నెలవారీ చందా కాకుండా, ఆమెకు ఇష్టమైన సినిమాలను విడిగా కొన్నాను. ఆ పేజీలో అద్దె ధర, కొనుగోలు ధర పక్కపక్కనే ఉన్నాయి. కొనుగోలు ధర అద్దెకు కొన్ని రెట్లు ఎక్కువ, దాని కిందనే ఎప్పుడైనా ఎన్నిసార్లయినా చూడవచ్చని రాసి ఉంది. నల్లగొండలో ట్యాబ్‌లోకి డౌన్‌లోడ్ చేసి ఊరికి పంపాను. కొన్నాళ్లు బాగానే ఆడాయి. ఆ తర్వాత ఇంటర్నెట్‌కు కలిపితే తప్ప తెరుచుకోమని మొరాయించాయి. తీరా కలిపి చూస్తే, ఖాతాలో ఆ సినిమాలే లేవు.

ఇలా ఎందుకు జరుగుతుందో కొనేవారందరూ అర్థం చేసుకోవాలి. యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవికి గడువు ఉంటుంది, గడువు ముగిసినప్పుడల్లా యాప్ కంపెనీ సర్వర్‌ను అడిగి దాన్ని పొడిగించుకోవాలి. అందువల్ల ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసినా టీవీలో ఆడదు, వేరే ఫోన్‌లో పెట్టినా తెరుచుకోదు. సినిమా హక్కులు ఉన్న నిర్మాత లేదా పంపిణీదారుతో యాప్‌కు ఉన్న ఒప్పందం ముగిస్తే, మీరు డబ్బు కట్టిన సినిమా కూడా పోవచ్చు. వాడుక నిబంధనల్లో ఎక్కడో ఒక మూల ఈ మాట రాసి ఉంది. ధర చూపించిన చోట మాత్రం లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

ఇది మన దగ్గరే మొదలైన వ్యవహారం కాదు. పెద్ద హాలీవుడ్ స్టూడియోలు మద్దతిచ్చిన అల్ట్రావయొలెట్ అనే, కొన్న సినిమాలను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే డిజిటల్ లాకర్ 2019 జూలై 31న మూతపడింది. 2022లో జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో సోనీ కంపెనీ ఆన్‌లైన్ దుకాణమైన ప్లేస్టేషన్ స్టోర్‌లో జనం కొనుక్కున్న స్టూడియోకెనాల్ అనే ఫ్రెంచ్ సంస్థ సినిమాలు లైసెన్సు ఒప్పందం కారణంగా వారికి అందకుండా పోయాయి. ఇలాంటి ఫిర్యాదుల నేపథ్యంలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. అమ్ముతున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం కోరుతోంది.

మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేకపోయినా చేతులు కట్టుకుని కూర్చోవలసిన అవసరం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ-కామర్స్ నిర్వచనంలోనే డిజిటల్ ఉత్పత్తులను చేర్చింది, సేవల నిర్వచనంలో వినోదాన్ని కూడా చేర్చింది. ముఖ్యమైన సమాచారాన్ని దాచిపెట్టి చేసే ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నాకు మొదట కూపన్ ఇస్తామన్నారు. డబ్బు తీసుకుని కూపన్ ఇవ్వడమేమిటని నేను ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదైన తర్వాతే ఒక సినిమా డబ్బు బ్యాంకు ఖాతాకు తిరిగి వచ్చింది. రెండోది కొని చాలా కాలమైందని, దానికి రీఫండ్ వర్తించదని అంటున్నారు. కానీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువు వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. నా ఖాతాలోంచి సినిమాను తీసేసిన రోజే ఆ కారణం పుట్టిందని నేను వాదిస్తున్నాను.

ఇక కాపీ చేసుకునే హక్కు సంగతి. ఈ విషయంలో మన దగ్గర రెండు అపోహలు ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి ఏమైనా చేసుకోవచ్చని కొందరు, ఒక్క కాపీ చేసినా జైలేనని మరికొందరు అనుకుంటారు. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకం కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా చూడదు. 2012 సవరణతో ఈ వెసులుబాటు సినిమాలకు కూడా వచ్చింది. అయితే, కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు రక్షణ కోసం బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని అదే సెక్షన్ విడిగా చెప్పినట్టు సినిమాల గురించి చెప్పలేదు. కాబట్టి సొంత డిస్కుకు ఇంట్లో వాడుకోవడానికి చేసుకున్న కాపీని సమర్థించుకునే ఆధారం ఉంది కానీ, అది అక్షరాలా రాసిపెట్టిన హామీ కాదు. డిజిటల్ తాళాన్ని తప్పించడం గురించి చెప్పే 65ఎ సెక్షన్ కూడా, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ పని చేసినప్పుడే రెండేళ్ల వరకు శిక్ష అంటుంది. కాపీలు చేసి అమ్మడం మాత్రం నేరమే. కొన్న డిస్కుతో ఊరి మధ్యలో తెర కట్టి ప్రదర్శన వేసే హక్కు కూడా మనకు రాదు.

ఈ చిక్కుల వల్లనే జనం పట్టణంలోని సీడీ, మొబైల్ దుకాణాలను ఆశ్రయిస్తున్నారు. అక్కడ మరో మోసం ఎదురవుతోంది. మా బంధువు ఒకరు తమ ఒరిజినల్ డీవీడీలను పెన్‌డ్రైవ్‌లోకి మార్చమని ఒక దుకాణంలో ఇచ్చి డబ్బు చెల్లించారు. ఇంటికి వచ్చి చూస్తే, అందులో ఉన్నవి ఆ డిస్కుల కాపీలే కావు. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన దొంగ ప్రింట్లు, మధ్యమధ్యలో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు, ఒక సినిమాలో పాటలే లేవు. మీ దగ్గర ఒరిజినల్ డిస్కు ఉన్నంత మాత్రాన ఆ దొంగ ప్రింటు చట్టబద్ధం కాదు. పైగా చట్టం నిషేధించని పని కోసం ఇతరుల తరఫున తాళం తప్పించేవారు, ఆ పని చేయించుకున్న వ్యక్తి పేరు, చిరునామా, కారణం రాసిపెట్టుకోవాలని 65ఎ సెక్షన్ చెబుతోంది. ఏ రిజిస్టరూ లేకుండా పని చేసే దుకాణానికి మీ డిస్కులు ఇవ్వకండి.

నా వరకు, నిజంగా దాచుకోవాలనుకున్న సినిమా డిస్కు రూపంలో దొరికితే అదే కొంటున్నాను. దాన్ని ఎవరూ దూరం నుంచి మాయం చేయలేరు, పక్కింటివారికి చూడటానికి ఇవ్వవచ్చు, సిగ్నల్ అవసరం లేదు. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి కాబట్టి ఒక మాట చెప్పాలి: డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో తెలిపే రీజియన్ సంఖ్య మన దేశపు డీవీడీలకు 5, అమెరికావాటికి 1. అక్కడి నుంచి తెచ్చిన డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు, కవరు మీద చూసుకుని తెప్పించుకోండి. యాప్‌లోనే కొనవలసి వస్తే, ధర పక్కన ఇచ్చిన హామీని, ఆ రోజు ఉన్న వాడుక నిబంధనలను, చెల్లింపు రసీదును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నా ఒక సినిమా డబ్బు తిరిగి రావడానికి పనికొచ్చింది ఆ స్క్రీన్‌షాటే.

మీ సినిమాలు కూడా ఇలా పోయి ఉంటే, కంపెనీ ఎక్కడో ముంబైలోనో బెంగళూరులోనో ఉందని వదిలేయకండి. మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు, మీరు కొనుగోలుకు కట్టిన డబ్బు 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే హాజరు కావచ్చు. ఒకే రకమైన నష్టం జరిగినవారు కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఫిర్యాదు చేయడానికి కూడా వీలుంది. నల్లగొండ జిల్లాలో ఇలా నష్టపోయినవారు రసీదులతో ముందుకు వస్తే, రెండో సినిమా విషయంలో నేను వేయబోయే ఫిర్యాదును అందరి తరఫున వేయడానికి సిద్ధంగా ఉన్నాను.