బరువు తగ్గే సర్జరీ అయ్యాక నాలుగేళ్ల తిండి, నీళ్లు, మాత్రలు: నా సమీక్ష

బరువు తగ్గే సర్జరీ గురించి జనం రాసే అనుభవాలు ఎక్కువగా ఆరో నెలలో రాసినవే. ఆరో నెలలో ఎవరైనా బాగుందనే రాస్తారు. బట్టలన్నీ వదులైపోతుంటాయి, ఆకలి అన్నదే ఉండదు, ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "అబ్బ, ఎంత తగ్గిపోయావ్!" అంటారు. నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అయి నాలుగేళ్లు దాటింది. పొగిడేవాళ్లు పొగడడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు రాస్తే కాస్త నికరంగా రాయగలననిపించింది.

స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం దాకా నిలువుగా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. మొదట్లో అందులో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి, కొన్ని నెలల పాటు ఆకలి కూడా దాంతోపాటే పోతుంది. బరువు తగ్గడానికే చేసే బైపాస్ వేరు, గుండెకు చేసేది కాదు. అందులో కడుపు పైన 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రం ఉంచి, కింది పేగును తెచ్చి దానికి కలుపుతారు. నేను చెప్పేది స్లీవ్ సంగతి. బైపాస్‌లో తేడా ఉన్నచోట ఆ మాట చెప్తాను.

"ఇప్పుడు ఎంత తింటావ్?" అందరూ అడిగేది ఇదే. చిన్న గిన్నెడు, అంతే. ఎంత అన్నది మొదటి ఏడాది కడుపే చూసుకుంటుంది, మనం కష్టపడక్కర్లేదు. రోజూ కష్టపెట్టేది వేగం, వరస. ఏది ముందు తినాలి, ఏది తర్వాత, రెంటికీ మధ్య ఎంతసేపు ఆగాలి. ఈ సర్జరీతో బతకడమంటే సగం గడియారంతో బతకడమే. ఆ సంగతి ముందు ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ షీటు రెండు నెలల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత బతుకుతామని వాళ్లు అనుకోలేదు కాబోలు!

ఆ రెండు నెలల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మొదట పలచటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, ఆపైన మెత్తగా రుబ్బినవి, తర్వాత మెత్తగా ఉడికినవి, రెండో నెల చివరికి మామూలు తిండి. విసుగ్గా ఉంటుంది కానీ గడిచిపోతుంది. మూడో వారం ప్రాంతంలో కాటా ముల్లు కదలకుండా మొండికేస్తుంది. చాలామందికి అవుతుంది, దానంతట అదే కదులుతుంది. అయితే ఈ రోజుల్లో జ్వరం, గుండె దడ, పెరుగుతున్న కడుపునొప్పి వస్తే మాత్రం గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కుట్ల దగ్గర లీకైతే ముందు కనిపించేవి అవే.

ఇక మామూలు రోజు. మధ్యాహ్నం చిన్న ప్లేటు, చిన్న చెంచా. ముందు ప్రొటీన్: చేపో, గుడ్డో, చికెనో. తర్వాత కూర. చోటు మిగిలితేనే అన్నమో బ్రెడ్డో. చాలా రోజులు మిగలదు. చెంచా నోట్లో పెట్టుకుని కింద పెట్టేస్తాను. నోట్లోది గుజ్జయ్యేదాకా నమిలి, మింగి, కాస్త ఆగి, మళ్లీ చెంచా తీస్తాను. అలా అరగంట దాకా పడుతుంది. కడుపు నిండిందని నాకు తెలిసేది కడుపులో కాదు, ముక్కు దగ్గర. ఉన్నట్టుండి ముక్కు కారడం మొదలవుతుంది. కొందరికి ఎక్కిళ్లు వస్తాయి, కొందరికి తుమ్ములు. మీ గుర్తు ఏదో మొదటి నెలల్లోనే కనిపెట్టుకోండి. ఆ గుర్తు వచ్చాక ఇంకొక్క ముద్ద అంటే కుదరదు.

కుదరదంటే ఏమవుతుందో చెప్తాను. ఎండిపోయిన చికెన్ ముక్క, సరిగా నమలకుండా మింగామనుకోండి. రొమ్ము ఎముక వెనకాల బండరాయి పెట్టినట్టు బరువు. నోటినిండా లాలాజలం ఊరుతుంది, ఊరుతూనే ఉంటుంది. చిక్కటి నురగ. మింగలేం, మాట్లాడలేం. పక్కవాళ్లు కంగారుపడి నీళ్లు అందిస్తారు. అప్పుడు నీళ్లు తాగితే ఇంకా నరకం, కిందికి దారి లేదు కదా. లేచి వాష్‌బేసిన్ దగ్గర నిలబడి నురగ ఉమ్మేస్తూ ఉండడమే. పావుగంటో అరగంటో పట్టి అదే దిగుతుంది, లేదా పైకే వస్తుంది. మొదటి ఏడాది తర్వాత నాకిది బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మళ్లీ వేడిచేసిన మాంసం ఇప్పటికీ నమ్మను. ఎప్పుడో ఒకసారి ఇలా అయితే సరే. రోజూ వాంతులవుతుంటే మాత్రం అది అలవాటు పడాల్సిన విషయం కాదు. అలా కొనసాగితే బి1 విటమిన్ పడిపోయి నరాల మీదికి, మెదడు మీదికి వస్తుంది. డాక్టరుకు ఫోన్ చేయాల్సిన సంగతి అది.

తిండికన్నా నాకు ఎక్కువ కష్టమైంది నీళ్లు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. కానీ తిండితో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. మొదటి నెలల్లో గటగటా తాగడం కుదరనే కుదరదు, ఒక్కో గుక్కే. మూడు పూటల తిండి, మధ్యలో రెండు చిరుతిళ్లు, ప్రతిదాని వెనకా అరగంట నిషేధం తీసేస్తే నీళ్లకు మిగిలే వేళ ఎంతో మీరే లెక్కవేసుకోండి. ఎండలో నడిచొచ్చి చల్లటి గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసే సుఖం నేను నిజంగా పోగొట్టుకున్నది. తియ్యటివి మానడం దాని ముందు ఏమంత కాదు. ఇప్పుడు కాస్త పెద్ద గుక్కలే పడుతున్నాయి కానీ, బాటిల్ లేకుండా గడప దాటను.

ప్రొటీన్ లెక్క కూడా ఇలాంటిదే. రోజుకు 60 నుంచి 80 గ్రాములు తినమంటారు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలల్లో 8, వంద గ్రాముల వండిన చికెన్ బ్రెస్ట్‌లో 30 దాకా. చిన్న గిన్నెడు తినే కడుపుతో ఆ లెక్క పూర్తిచేయాలంటే మిగతావాటికి చోటుండదు. అందుకే మొదటి ఏడాది పౌడరు తప్పలేదు. వనిల్లా వాసనంటే ఇప్పటికీ కడుపు తిప్పుతుంది.

మాత్రల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఎక్కువమంది రెండో ఏడాది మానేసేది వీటినే. బాగానే ఉన్నాం కదా అనిపిస్తుంది. శరీరంలో నిలవలు మెల్లగా తరుగుతాయి కాబట్టి లోటు వెంటనే కనిపించదు. క్యాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి, ఒకేసారి 500, 600 మించి వేసుకుంటే ఒంటికి పట్టదు. అంటే రెండు మూడు సార్లు. అదీ సిట్రేట్ రూపంలో అయితే మేలు. కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, మనకు అదే తక్కువ. ఐరన్, క్యాల్షియం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్యలో రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ దగ్గరికి కాఫీ, టీ కూడా రాకూడదు. బి12 పేగుల్లో ఒంటికి పట్టాలంటే కడుపు గోడలో తయారయ్యే ఒక పదార్థం కావాలి. గోడే చాలావరకు పోయింది కాబట్టి అది ఎక్కువ మోతాదు మాత్రగానో ఇంజెక్షన్‌గానో తీసుకోవాల్సిందే. ఇవికాక మల్టీవిటమిన్, విటమిన్ డి. ఫోన్లో అలారాలు పెట్టుకుని నడిపిస్తున్నాను. అలారం మోగగానే మా ఆయన "ఈసారి ఏది, ఇనుమా సున్నమా?" అంటారు. నవ్వొస్తుంది కానీ మాత్ర మాత్రం పడాల్సిందే. ఇది జన్మంతా. ఏడాదికోసారి రక్తపరీక్షలు కూడా జన్మంతా.

జుట్టు రాలడం గురించి అడిగేవాళ్లకు: రాలుతుంది. మూడో నెల తర్వాత మొదలై దువ్వెన నిండా వస్తుంది, భయమేస్తుంది, కొన్ని నెలలకు ఆగి మళ్లీ మొలుస్తుంది. నాకు మొలిచింది. చలి ఎక్కువ తెలుస్తుంది. గట్టి కుర్చీలో కూర్చుంటే ఎముక గుచ్చుకుంటుంది. చర్మం వేలాడుతుంది, వ్యాయామంతో కండ వస్తుంది గానీ ఆ వేలాడే చర్మం పోదు. ఇరుకు సందులో ఇప్పటికీ పక్కకు తిరిగే దూరతాను, నేరుగా పట్టే ఒళ్లయినా సరే.

ఇప్పుడు అసలు భాగం, రెండో ఏడాది. ఆకలి తిరిగొస్తుంది. మునుపటంత కాదు, కానీ వస్తుంది. బరువు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గి అక్కడ ఆగుతుంది. తర్వాత కొంత వెనక్కి వస్తుంది. నాకూ కొన్ని కిలోలు వచ్చాయి. అప్పుడు నాకు ధైర్యమిచ్చింది 1987లో స్వీడన్‌లో మొదలైన పెద్ద అధ్యయనం. అందులో సర్జరీ అయినవాళ్లు సగటున రెండేళ్లకు 23 శాతం బరువు తగ్గారు, పదేళ్లకు ఆ తగ్గుదల 17 శాతం, ఇరవయ్యేళ్లకు 18 శాతం. వాళ్లవి చాలావరకు పాతకాలపు పద్ధతులు, స్లీవ్ కాదు. అయినా ఆ అంకెల్లో నాకు కావాల్సింది దొరికింది. కొంత వెనక్కి రావడం మామూలే, అక్కడ నిలబడడమూ మామూలే.

ఈ దశలో తెలుసుకోవాల్సింది ఒకటుంది. చికెన్ ముక్కను అడ్డుకునే ఈ కడుపు బిస్కెట్లను అడ్డుకోదు. చిప్స్, ఐస్‌క్రీమ్, చాక్లెట్ నోట్లో కరిగి, గొట్టంలోంచి జారిపోతాయి. నిండినట్టే ఉండదు. పూర్తి భోజనం చేయలేని మనిషి ఒక ప్యాకెట్ చిప్స్ మాత్రం కూర్చుని ఖాళీ చేయగలరు. బైపాస్ వాళ్లకు తీపి ఎక్కువైతే చెమట, దడ, విరేచనాలతో ఒళ్లే బెదిరిస్తుంది. స్లీవ్ వాళ్లలో చాలామందికి ఆ బెదిరింపు కూడా అంతగా ఉండదు. రాత్రి తొమ్మిదింటికి నాకు పుట్టేది కడుపు ఆకలి కాదని గ్లాసుడు నీళ్లు మెల్లగా తాగితే తేలిపోతుంది. పగలంతా ఆఫీసులో పడ్డదాన్ని రాత్రి తిండితో దులుపుకునే అలవాటును ఏ సర్జనూ కోసి తీయలేదు. దానికోసం కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కు వెళ్లాను. సర్జరీకి పెట్టిన డబ్బులో అతి చిన్న భాగం దానికైంది, అతి ఎక్కువ పనిచేసింది అదే. మందు తాగేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముఖ్యంగా బైపాస్ తర్వాత అది చాలా త్వరగా, చాలా ఎక్కువగా ఎక్కుతుంది.

నలుగురిలో తినడం అనుకున్నంత కష్టం కాదు. మొదటి అయిదు నిమిషాలే జనం మన ప్లేటు వైపు చూస్తారు, తర్వాత వాళ్ల ప్లేట్లలో మునిగిపోతారు. అమ్మ ఒక్కతే చివరిదాకా చూస్తుంది. "అంతేనా? ఇంకొక్క ముద్ద తినమ్మా" అని ఇప్పటికీ అంటుంది. "ముక్కు కారుతోందమ్మా" అంటే ఆగుతుంది.

నాకు నిజంగా నచ్చనిది ఛాతీలో మంట. సర్జరీకి ముందు లేదు. స్లీవ్ తర్వాత వచ్చింది, పోలేదు. పడుకునే మూడు గంటల ముందే తినడం ఆపేస్తాను, మంచం తలవైపు ఎత్తు పెట్టాను, రోజూ ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకుంటాను. ఆ మాత్ర మళ్లీ బి12, ఐరన్ ఒంటికి పట్టడాన్ని ఇంకొంచెం తగ్గిస్తుంది. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దన్నారు, పుండ్లు పడతాయని. పారాసెటమాల్‌తోనే సర్దుకోవాలి. బైపాస్ వాళ్లకు ఈ విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ముందు ఈ సంగతి చెప్పి కూర్చుంటాను.

నచ్చినవి చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టవు. బీపీ మాత్ర పోయింది. నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టుకునే మెషిన్ అటక మీద ఉంది. మోకాళ్లు మెట్లు ఎక్కనిస్తున్నాయి. తిండి గురించి పొద్దస్తమానం నడిచే ఆ గొణుగుడు సగానికి తగ్గింది.

అయిదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒకటీ ఆ మంటకే. ఇప్పటికే ఛాతీలో మంట ఉన్నవాళ్లు స్లీవ్‌కు తొందరపడి సంతకం పెట్టకండి. ఎండోస్కోపీ చేయించుకుని, ఆ రిపోర్టు ముందు పెట్టుకుని స్లీవా, బైపాసా అని సర్జన్‌ను సూటిగా అడగండి. రెండు నెలల తర్వాత డైట్ ఎవరు చూస్తారని కూడా అప్పుడే అడగండి.