ముసలి పిల్లి పొట్టకి ఏది పట్టింది: రెండేళ్లు వాడి చూశాక

చుక్కిని వీధిలోంచి తెచ్చేనాటికే పదేళ్లు దాటి ఉంటాయని పళ్లు చూసి డాక్టరుగారు చెప్పారు. నీళ్ల విరేచనాలు, వారానికి రెండు మూడు వాంతులు, నిమిరితే చేతికి గుచ్చుకునే వెన్నుపూస. ముసలిది కదా, అంతేలే అనుకుని రెండు నెలలు పోగొట్టాను. ఆ బాధ ఇంకా ఉంది.

మొదట ఎంటరోకాకస్ ఫీసియం అనే, పేగులకి మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ పొడి రోజూ తిండి మీద చల్లేదాన్ని. మోషన్ కాస్త గట్టిపడేది, ఆపితే మళ్లీ మొదటికే. మంచిదే, కానీ అసలు జబ్బు అంతటితో తగ్గేది కాదు.

రక్తపరీక్షలో థైరాయిడ్, కిడ్నీలు బాగానే ఉన్నాయి. బి12 మాత్రం బాగా తక్కువ. చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే ఆ విటమిన్ ఒంటికి పట్టదు. వారానికొకటి చొప్పున 6 ఇంజెక్షన్లు చేయించాం, ఆ తర్వాత నెలకొకటి. మూడోది పడ్డాక ఒక తెల్లవారుజామున ఖాళీ గిన్నె పక్కన నిలబడి, తలతో నా కాలిని పొడిచింది. అది ఆకలని అడగడం అదే మొదటిసారి. వాడిన వాటన్నిటిలో నా ఓటు దీనికే.

తిండి హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ (ఒంటికి పడని తిండిగా శరీరం గుర్తుపట్టకుండా చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రొటీన్) వెట్ ఫుడ్‌కి మార్చాం, 10 రోజులు పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ. 8 వారాలు వేరే ముక్క ముట్టనివ్వలేదు. ఇంట్లోవాళ్లని ఆపడమే కష్టమైంది. వాంతులు ఇప్పుడు నెలకొకటి ఉంటే ఎక్కువ. ఒక్క మాట: ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టేస్తుంది.

చేపనూనె వారంలోనే మానేశాను, మోషన్ మళ్లీ జారింది.

రెండో ఏడు మలబద్ధకం. ట్రేలో ముక్కి ముక్కి, బయటికొచ్చి, మళ్లీ వెళ్లి కూర్చునేది. రాలినవి మేక పెంటికల్లా ఎండి ఉండేవి. (మగపిల్లి ఇలా ముక్కుతుంటే మూత్రం బిగిసిందేమో వెంటనే చూపించండి, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.) ఇసబ్గోల్ పొట్టు వాడమన్నారు. నేను పొడిగానే చల్లాను, ఇంకా బిగుసుకుపోయింది. ఆ పొట్టు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, నీళ్లు చాలకపోతే లోపలే గట్టిపడుతుంది. ఇప్పుడు పావు చెంచా పొట్టుని నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, జారుడుగా అయ్యాక వెట్ ఫుడ్‌లో కలుపుతున్నాను. రోజు విడిచి రోజైనా మెత్తగా వెళ్తోంది.

వచ్చినప్పుడు 2.7 కిలోలు. నిన్న తూచాను, 3.6.