బిల్లింగ్ స్కానర్: కీబోర్డ్ మోడా, కామ్ పోర్టా, ఓపాసా... ఏది మేలు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి బార్‌కోడ్ స్కానర్ కావాలంటే ముందు బడ్జెట్ ఎంతని అడుగుతారు, తర్వాత వైరుదా వైర్‌లెస్సా అంటారు. మీరు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏది, అది స్కానర్ నుంచి డేటా ఎలా తీసుకుంటుంది అని అడిగేవాళ్లు తక్కువ. ఆ సంగతి తేల్చుకోకుండా కొంటే, షాపుకొచ్చి డబ్బా విప్పాక 'డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది' అని వెతుకులాట మొదలవుతుంది. డ్రైవర్ అంటే పరికరాన్ని కంప్యూటర్ గుర్తించి వాడుకోవడానికి వేసే చిన్న సాఫ్ట్‌వేర్. చాలామంది విషయంలో అసలు వెతకాల్సిన డ్రైవరే ఉండదు.

ఒకే స్కానర్ కంప్యూటర్‌తో మూడు రకాలుగా మాట్లాడగలదు. ఒకటి కీబోర్డ్ మోడ్. రెండోది వర్చువల్ కామ్ పోర్ట్. మూడోది, రిటైల్ పరికరాల కోసమే తయారుచేసిన ఓపాస్ అనే పద్ధతి. డ్రైవర్ కావాలా వద్దా, ఏ డ్రైవర్ అన్నది స్కానర్ కంపెనీని బట్టి కంటే ఈ మూడింటిలో దేన్ని ఎంచుకున్నారన్న దాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది.

డబ్బాలోంచి తీసిన స్కానర్ మామూలుగా కీబోర్డ్ మోడ్‌లోనే ఉంటుంది. యూఎస్‌బీలో పెట్టగానే విండోస్ దాన్ని ఇంకో కీబోర్డ్ అనుకుంటుంది. డ్రైవర్ విండోస్‌లోనే ఉంది కాబట్టి సీడీ అక్కర్లేదు, డౌన్‌లోడ్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి ఏదైనా బిస్కెట్ ప్యాకెట్ స్కాన్ చేయండి. 890తో మొదలయ్యే 13 అంకెలు పడితే స్కానర్ బాగున్నట్టే. 890 అంటే ఆ నంబర్ భారతదేశంలోని జీఎస్1 సంస్థ ఇచ్చిందని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని కాదు.

ఈ మోడ్‌లో పెద్ద సుఖం ఏమిటంటే, టైప్ చేయగలిగిన ప్రతిచోటా స్కాన్ పనిచేస్తుంది. ట్యాలీలో ఐటమ్‌కు అలియాస్‌గా, అంటే మారుపేరుగా, బార్‌కోడ్ నంబర్ ఇచ్చి పెట్టుకుంటే, బిల్లు కొట్టేటప్పుడు స్కాన్ చేయగానే ఆ ఐటమ్ వచ్చేస్తుంది. బ్రౌజర్‌లో నడిచే బిల్లింగ్‌లోనూ అంతే. కంప్యూటర్ ఎక్కడో ఉండి రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తున్నా ఇబ్బంది లేదు. ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌కు తగిలించినా నడుస్తుంది. కాకపోతే ఫోన్‌లో తెరమీది కీబోర్డ్ మాయమవుతుంది. సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డ్ దగ్గరకెళ్లి, తెరమీది కీబోర్డ్ కూడా చూపించమని ఆన్ చేసుకోవాలి.

చిక్కు కూడా అక్కడే ఉంది. కర్సర్ ఎక్కడుందో చూసుకోవడం స్కానర్ పని కాదు. సాయంత్రం గిరాకీ టైమ్‌లో గల్లా దగ్గర కుర్రాడు కర్సర్‌ను క్వాంటిటీ గడిలో వదిలేసి సబ్బు స్కాన్ చేశాడనుకోండి. సాఫ్ట్‌వేర్ అడ్డుకోకపోతే ఎనిమిది లక్షల తొంభై వేల కోట్ల సబ్బులకు బిల్లు తయారవుతుంది. ఇంత పెద్ద తప్పయితే వెంటనే కనిపిస్తుంది, సరిదిద్దుకోవచ్చు. కస్టమర్ ఫోన్ నంబర్ గడిలో పడ్డ బార్‌కోడ్ మాత్రం ఎవరి కంటా పడకుండా అలాగే ఉండిపోతుంది.

ఇంకో చిక్కు మన భాషది. ఐటమ్ పేర్లు తెలుగులో పెట్టుకునే షాపుల్లో విండోస్ కీబోర్డ్ తెలుగులోనే ఉండిపోతుంది. సొంతంగా ప్రింట్ చేసుకున్న లేబుల్ మీద ఇంగ్లిష్ అక్షరాలుంటే స్కానర్ 'టైప్' చేసినవి తెలుగు అక్షరాలుగా పడతాయి, ఐటమ్ దొరకదు. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంటే చిన్న అక్షరాలు పెద్దవవుతాయి, పెద్దవి చిన్నవవుతాయి. విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కు మార్చుకోవడం ఒక దారి. చాలా స్కానర్లలో ఆల్ట్ మోడ్ అని ఉంటుంది. దాంట్లో ఒక్కో అక్షరాన్నీ ఆల్ట్ కీతో కలిపిన నంబర్‌గా పంపుతుంది కాబట్టి కీబోర్డ్ ఏ భాషలో ఉన్నా తేడా రాదు. కొంచెం నెమ్మది, అంతే. లేబుల్స్ ఇంకా ప్రింట్ చేయకపోతే అంకెలతోనే సరిపెట్టుకోవడం అన్నిటికంటే తేలిక.

కామ్ పోర్ట్ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. స్కానర్ టైప్ చేయదు, ఒక పోర్ట్‌లోకి డేటా పంపుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ పోర్ట్‌ను వింటూ ఉంటుంది. కర్సర్ ఎక్కడున్నా, కీబోర్డ్ ఏ భాషలో ఉన్నా, పక్కన ఇంకో విండో తెరిచి ఉన్నా డేటా బిల్లింగ్‌కే చేరుతుంది. అయితే వినే సాఫ్ట్‌వేర్ ఉండాలి. సెట్టింగ్స్‌లో కామ్ పోర్ట్ ఎంచుకునే చోటు లేని సాఫ్ట్‌వేర్‌కు ఈ మోడ్ పెడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. స్కానర్ బీప్ కొడుతుంది, తెర మీద ఏమీ రాదు. స్కానర్ పాడైందని వెనక్కి ఇచ్చేసేవాళ్లలో కొందరి గోల ఇదే.

డ్రైవర్ గొడవ నిజంగా ఉండేది ఇక్కడే. విండోస్ 10 నుంచి, యూఎస్‌బీ సీరియల్ ప్రమాణం పాటించే పరికరాలకు విండోస్‌లోనే డ్రైవర్ ఉంది. విండోస్ 7 మీద ఇంకా నడుస్తున్న కౌంటర్లకు మాత్రం స్కానర్ కంపెనీ ఫైల్ వేసుకోవాలి. యూఎస్‌బీ లేని పాత సీరియల్ స్కానర్‌ను కన్వర్టర్ కేబుల్‌తో కలిపితే కేబుల్‌లోని చిప్‌కు డ్రైవర్ కావాలి, స్కానర్‌కు కాదు. సీహెచ్340, ఎఫ్‌టీడీఐ కంపెనీ ఎఫ్‌టీ232, పీఎల్2303 అన్నవి ఆ చిప్‌ల పేర్లు. పాత పీఎల్2303 లేదా దాని నకిలీ అయితే, ఈ చిప్ 2012లోనే ఆగిపోయింది, అమ్మినవాళ్లను సంప్రదించండి అని, తగిలించిన పరికరాలన్నీ చూపించే విండోస్ డివైస్ మేనేజర్‌లోనే కనిపిస్తుంది. అప్పుడు డ్రైవర్ కోసం రాత్రంతా కూర్చోవద్దు, కేబుల్ మార్చేయండి.

డ్రైవర్ పడ్డాక డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద కామ్3, కామ్5 లాంటి నంబర్ వస్తుంది. అదే నంబర్ బిల్లింగ్ సెట్టింగ్స్‌లో ఇవ్వాలి. నిజమైన సీరియల్ వైరు ఉంటే వేగం, దాని పక్కనుండే మిగతా సెట్టింగ్స్ కూడా రెండు వైపులా కలవాలి. సాధారణంగా 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. స్కానర్‌ను ఒక యూఎస్‌బీ రంధ్రంలోంచి తీసి ఇంకోదాంట్లో పెడితే నంబర్ మారిపోవచ్చు. తుడవడానికి వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టిన రోజు బిల్లింగ్ ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే. ఒక పోర్ట్‌ను ఒకసారి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు కాబట్టి, బిల్లింగ్ రెండుసార్లు తెరిచి ఉంటే రెండోదానికి స్కాన్ అందదు.

కిరాణాకు ఇంత తంటా దేనికి అనిపించొచ్చు. నిజమే, అక్కర్లేదు. కోఠిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెడికల్ షాపు నడిపేవాళ్ల లెక్క వేరు.

మందుల పెట్టె మీద చిన్న చదరపు డేటామ్యాట్రిక్స్ కోడ్ ఉంటే అందులో ఐటమ్ నంబర్‌తో పాటు ఇంకా చాలా ఉంటుంది. 01 తర్వాత 14 అంకెల ఐటమ్ నంబర్, 17 తర్వాత ఎక్స్‌పైరీ తేదీ, 10 తర్వాత బ్యాచ్ నంబర్, 21 తర్వాత సీరియల్ నంబర్. బ్యాచ్ నంబర్‌కు ఇంత పొడవని లేదు, 20 అక్షరాల వరకు ఎంతైనా ఉండొచ్చు. అందుకని అది ఎక్కడ ముగిసిందో చెప్పడానికి గ్రూప్ సెపరేటర్ అనే కనిపించని గుర్తు పెడతారు. కీబోర్డ్ మీద దానికి కీ లేదు. కీబోర్డ్ మోడ్‌లో కొన్ని స్కానర్లు దాన్ని మింగేస్తాయి, కొన్ని కంట్రోల్ కీతో ఏదో నొక్కినట్టు పంపుతాయి. బ్యాచ్, సీరియల్ అతుక్కుపోతాయి. కామ్ పోర్ట్‌లో ఆ గుర్తు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్టాక్ ఎక్కించేటప్పుడు బ్యాచ్, ఎక్స్‌పైరీ చేత్తో కొట్టే పని తప్పించుకోవాలంటే ఈ తేడా దగ్గరే నిర్ణయం జరిగిపోతుంది.

2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్ల మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. అందులో మందు పేరు, కంపెనీ చిరునామా, బ్యాచ్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబర్ అన్నీ ఉండాలి. అంత పెద్ద మాటర్ మధ్యలో లైన్ మారితే కీబోర్డ్ మోడ్‌లో ప్రతి లైనూ ఒక ఎంటర్ నొక్కినట్టే. బిల్లింగ్ తెర మీద గడులు వాటంతట అవే దాటుకుంటూ పోతాయి. ఇక్కడ కూడా కామ్ పోర్టే మేలు. ఇంకో మాట, గీతలు మాత్రమే చదివే లేజర్ స్కానర్‌కు ఈ చదరపు కోడ్‌లేవీ అందవు, ఏ డ్రైవర్ వేసినా సరే. మందుల షాపుకు, కోడ్‌ను ఫోటో తీసినట్టు చదివే 2డీ ఇమేజర్ తప్ప వేరేది చూడొద్దు.

ఓపాస్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 1990ల మధ్యలో మైక్రోసాఫ్ట్, ఎన్‌సీఆర్, ఎప్సన్ లాంటి కంపెనీలు కలిసి స్కానర్, ప్రింటర్, క్యాష్ డ్రాయర్ అన్నిటినీ సాఫ్ట్‌వేర్ ఒకే తీరులో పలకరించేలా దీన్ని తయారుచేశాయి. పెద్ద సూపర్‌మార్కెట్ల పద్ధతి ఇది. స్కానర్ కంపెనీ ఓపాస్ ప్యాకేజీ వేయాలి, స్కానర్‌ను దానికి తగ్గ మోడ్‌లోకి మార్చాలి, లాజికల్ పేరు ఒకటి పెట్టి అదే పేరు సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా స్కానర్ దొరకలేదంటుంది. మీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓపాసే కావాలని రాసిస్తే తప్ప ఆ వైపు పోవద్దు.

అందుకే నా మాట: కిరాణా, బట్టలు, స్టేషనరీ, ఒక్క కౌంటర్ ఉన్న ఏ షాపుకైనా కీబోర్డ్ మోడే. బేగంబజార్‌లో బాదం, కాజు తూకం వేసి తూకం మెషిన్‌తోనే లేబుల్ కొట్టేవాళ్లకు కూడా అదే చాలు. 2తో మొదలయ్యే ఆ లేబుల్ నంబర్‌లోంచి బరువు విడదీయడం సాఫ్ట్‌వేర్ పని, స్కానర్‌ది కాదు. మెడికల్ షాపుకు కామ్ పోర్ట్, సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే గ్రూప్ సెపరేటర్ బదులు ఇంకో గుర్తు పంపేలా సెట్ చేయగల స్కానర్ చూసి, ఆ గుర్తును అర్థం చేసుకోమని సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగాలి.

మోడ్ మార్చడానికి కంప్యూటర్‌తో పని లేదు. డబ్బాలో వచ్చే కాగితం మీది కోడ్‌లను స్కాన్ చేస్తే చాలు. వరుస మాత్రం ముఖ్యం: ముందు ఫ్యాక్టరీ డీఫాల్ట్, తర్వాత కావాల్సిన ఇంటర్‌ఫేస్ (అంటే మోడ్), చివర ఎంటర్ సఫిక్స్. స్కాన్ పడుతోంది కానీ ప్రతిసారీ చేత్తో ఎంటర్ నొక్కాల్సి వస్తోందంటే ఆ చివరిది వదిలేశారన్నమాట. నంబర్ మధ్యలో అంకెలు ఎగిరిపోతుంటే స్కానర్ వేగాన్ని ఆ పాత కంప్యూటర్ అందుకోలేకపోతోంది, అక్షరాల మధ్య ఆలస్యం పెంచాలి. కాసేపు వాడకపోతే నిద్రపోయి మొదటి స్కాన్ మింగేస్తుంటే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం ఆఫ్ చేయొచ్చు అన్న టిక్ తీసేయండి.

డ్రైవర్ కావాల్సి వస్తే తయారీ కంపెనీ సైట్ నుంచే దించుకోండి. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌లో అనే సైట్ల జోలికి గల్లా కంప్యూటర్‌తో అసలు వెళ్లొద్దు, బ్యాంకు లాగిన్ కూడా అందులోనే ఉంటుంది. కాగితం ఎలాగూ పోతుంది, డబ్బా విప్పిన రోజే దానికి ఫోటో తీసి పెట్టుకోండి. కొనేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌తో పాటు మీ షాపు సరుకుల్లో కష్టమైనవి రెండు మూడు, నలిగిన కవరుదో మెరిసే స్ట్రిప్పుదో, సంచిలో వేసుకెళ్లి కౌంటర్ మీదే స్కాన్ చేసి చూపించమనండి. ఒప్పుకోకపోతే సీటీసీలో పక్క షాపు ఎలాగూ ఉంది.